దొరికిన గొయ్యి

కాంగ్ గైరోంగ్ ఎక్కడికి వెళ్ళినా ముందు కాళ్ళ కింద చూస్తుంది. పెళ్ళికి పిలిస్తే పెళ్ళికూతురి కన్నా ముందు పెరట్లో వంటవాళ్ళు తవ్విన పొయ్యి గుంట దగ్గరికి వెళ్తుంది. రోడ్డు పక్కన మురుగు గొట్టాల కోసం కాలువ తవ్వుతుంటే బండి ఆపించి దిగుతుంది. కాలువ గోడలోని చారలు చూసి, వేలితో ఒక పెళ్ళ విరిచి, నలిపి, వాసన చూసి మళ్ళీ బండెక్కుతుంది. అంతసేపూ భర్త షి తుంగ్‌షున్ ఇంజను ఆపకుండా కూర్చుంటాడు. మూడు చక్రాల బండిలో ద్రాక్ష బుట్టలు ఎండకు వాడుతున్నా ఏమీ అనడు. అని లాభం లేదని పెళ్ళయిన కొత్తలోనే అతనికి తెలిసిపోయింది.

ఆమె పుట్టేసరికి ఇంట్లో అందరూ ఆడపిల్లలే. 'గై' అంటే మారడం. తరువాతి కాన్పుకైనా వరస మారి మగపిల్లవాడు పుడతాడని ఆ పేరు పెట్టారు. తరువాత పుట్టిందీ ఆడపిల్లే. తన పేరు తన కోసం పెట్టింది కాదని, వెనక రావలసినవాడి కోసం పెట్టిందని, వాడేమో రాలేదని చెప్పి గైరోంగ్ నవ్వుతుంది.

పుట్టిల్లు లువో నదికి ఉత్తరాన ఉంది. మెట్టినిల్లు నదికి ఇటువైపు షివాన్‌లో. లువోయాంగ్ నగరం పెరిగి పెరిగి పక్కనున్న యాన్‌షి పట్టణాన్ని తనలో కలుపుకున్నాక షివాన్ కూడా పట్టణ జిల్లాలోకే వచ్చింది. చిరునామా మారింది కానీ గోధుమ చేలు చేలలాగే ఉన్నాయి, వాటి కింద ఉన్నవీ కదల్లేదు. నది ఒకటే అయినా రెండు ఒడ్ల మాటల్లో కాస్త తేడా ఉంది. కోడలిగా వచ్చిన కొత్తలో గైరోంగ్‌కి వింతగా తోచిన మాట ఒకటుంది. అత్తగారింట్లో చిలగడదుంపలు దాచుకునే గొయ్యి గురించి ఎవరు మాట్లాడినా 'గొయ్యి దొరికిన ఏడాది' అనేవారు. మేనత్త పుట్టింది గొయ్యి దొరికిన ఏడాది. వరద వచ్చింది గొయ్యి దొరికిన మరుసటేడు. ఈ ఒడ్డున తవ్వడాన్ని దొరకడం అంటారు కాబోలని సరిపెట్టుకుంది. కనిపించిన ప్రతిదాని గురించీ ఆరా తీసే మనిషి, ఆ ఒక్క మాటా అడగలేదు.

తవ్వకాల పనిలోకి ఆమె వచ్చింది ఒక చలికాలంలో. గోధుమ విత్తడం అయిపోయింది, మగవాళ్ళంతా దక్షిణాది ఫ్యాక్టరీలకు వెళ్ళిపోయారు. ఊరి చేల కింద పూడిపోయిన ప్రాచీన రాజధాని స్థలాన్ని సర్వే చేసే బృందానికి మనుషులు దొరక్క ఆడవాళ్ళను తీసుకున్నారు. ఆమె చేతికి గొట్టప్పార ఇచ్చారు. నిలువుగా చీల్చిన గొట్టంలాంటి పార అది, పొడుగాటి కర్రకు బిగించి ఉంటుంది. నేలలోకి వదలాలి, కొద్దిగా తిప్పాలి, పైకి లాగాలి. పార గుంటలో ఇరుక్కుని వచ్చిన మట్టిని చూసి కింద ఏముందో చెప్పాలి. మనిషి చెయ్యి పడని మట్టిని పచ్చి మట్టి అంటారు. ఒకసారి తవ్వి పూడ్చింది ఉడికిన మట్టి. ఉడికింది ఎన్ని వేల ఏళ్ళు గడిచినా మళ్ళీ పచ్చి కాదు. గైరోంగ్‌కి ఆ మాట నచ్చింది. మొదటివారం చేతులు బొబ్బలెక్కినా పని మానలేదు. ఒక్కో పార పైకి వస్తుంటే లోపల ఏముందో అన్న ఆత్రం ఆమెలో తగ్గలేదు, ఇన్నేళ్ళయినా.

ఆ పనిలో ఒకే ఒక వెలితి. గొట్టప్పార వాళ్ళకు కింద ఉన్నది తెలుస్తుంది గానీ కనబడదు. ఇక్కడ సమాధి ఉంది, ఇక్కడ దిమ్మిస కొట్టిన గోడ ఉంది అని చెప్పి ముందుకు సాగిపోతారు. తవ్వేవాళ్ళు వేరు. వాళ్ళు వచ్చేది ఎప్పుడో, అసలు వస్తారో రారో. పక్కనే పారపట్టే దువాన్ సూయింగ్ దానికి ఒక పోలిక చెప్పేది. మనం నాడి చూసేవాళ్ళమే, పురుడు పోసేవాళ్ళు వేరే, బిడ్డ ముఖం మనకెవరు చూపిస్తారు అనేది. గైరోంగ్ ఆ మాటకు నవ్వేది కాదు.

ఆ స్థలంలో దొరికినవి పెట్టడానికి మ్యూజియం కట్టాక ఊరి మీదుగా కార్లు పెరిగాయి. సెలవుల్లో జెంగ్‌జౌ నుంచి, ఇంకా దూరాల నుంచి కుటుంబాలు వస్తాయి. ఒకసారి వెడల్పు టోపీ పెట్టుకున్న ఒకావిడ చేను గట్టు దాకా నడిచి వచ్చి, రాజభవనం ఎక్కడుందని అడిగింది. సూయింగ్ నేల చూపించింది. ఆవిడ ముఖం చిన్నబోయింది. గైరోంగ్ పారలోంచి దిమ్మిస మట్టి ముక్క తీసి ఆమె అరచేతిలో పెట్టి, పొరలు ఎలా లెక్కపెట్టాలో చూపించింది. ఆవిడ మర్యాదగా చూసి, తడి కాగితంతో చెయ్యి తుడుచుకుంది. గైరోంగ్‌కి అదేమీ పట్టలేదు. మ్యూజియంలో అద్దాల పెట్టెల్లో ఏమేం చూశారో చెప్పమని ఎదురు ప్రశ్నలు వేసి, ఫోనులోని ఫొటోలన్నీ చూసేదాకా ఆవిడను వదల్లేదు. అంతకుముందు మూడు నాలుగుసార్లు తనూ అక్కడికి వెళ్ళి వచ్చింది. కానీ తన పారకు తగిలినవి వాటిలో ఏవో, అసలు ఉన్నాయో లేవో చెప్పేవాళ్ళు లేరు.

ఆ ఏడు వేసవి చివర వానలు ఆగకుండా కురిశాయి. షి వాళ్ళ పాత ఇల్లు తట్టుకోలేకపోయింది. వాకిలి ఒకటే, అన్నదమ్ములిద్దరి వాటాలు రెండు. పడమటి వాటా గైరోంగ్ వాళ్ళది, తూర్పుది మరిది తుంగ్‌చింగ్‌ది. ముందు పడమటి గదిలో నేల కుంగింది. తరువాత గోడ బీట వేసింది. అందులో ఉండకూడదని ఊరి కార్యాలయం వాళ్ళు తలుపు మీద కాగితం అంటించారు. అందరూ నూడుల్స్ కొట్టు వెనక అద్దె గదుల్లోకి మారారు. అత్తగారికి అక్కడి చెమ్మ పడలేదు, దగ్గు పట్టుకుంది. పాత ఇల్లు పడగొట్టి, నేల గడ్డకట్టక ముందే కొత్త పునాది పోయాలి. లేకపోతే వసంతం దాకా ఆగాలి. ఈ చలికాలం ముసలమ్మ ఆ గదిలో ఎలా గడుపుతుందన్నదే ఇంట్లో అందరి బెంగ.

తుంగ్‌చింగ్ మూడు చక్రాల బళ్ళ ఫ్యాక్టరీలో వెల్డింగ్ పని చేస్తాడు. మాటకారి. రెండంతస్తులు, ముందువైపు తెల్ల టైల్స్, కింద అమ్మకు వేడి గది అని అద్దె గది గోడ మీద సుద్దతో బొమ్మ గీశాడు. రోజూ దానిలో ఏదో ఒకటి చెరిపి మళ్ళీ గీసేవాడు. అయితే ప్రాచీన స్థలం పరిధిలో ఏం కట్టాలన్నా ముందు గొట్టప్పార వేసి చూడాలి. కింద పాతది ఏదైనా తగిలితే పని ఆగిపోతుంది. పక్క ఊళ్ళో ఒకాయనకు అసలు అనుమతే రాలేదు.

బృందానికి పెద్ద వూ టీచరు; బడిలో చెప్పే పని కాదు, చదువుకున్న మనిషని గౌరవంగా అందరూ అలా పిలుస్తారు. చిన్న వయసే, ఎండకు కమిలిన ముఖం, తక్కువ మాట్లాడుతుంది. గైరోంగ్‌ని పక్కకు పిలిచి, సొంత ఇల్లు కాబట్టి ఈసారి పార పట్టవద్దని చెప్పింది. గైరోంగ్ ఒప్పుకుంది. పనివాళ్ళకు వేడినీళ్ళు కాచే పని పెట్టుకుని పొయ్యి దగ్గర కూర్చుంది.

పడగొట్టిన ఇంటి తూర్పు వైపు నుంచి సూయింగ్ మొదలుపెట్టింది. పార పైకి వచ్చిన ప్రతిసారీ గైరోంగ్‌కి వినబడేలా 'పచ్చిది' అని గట్టిగా చెప్పింది. తుంగ్‌చింగ్ ఆ మాట విన్నప్పుడల్లా ఒక సిగరెట్టు తీసి పక్కవాళ్ళకు ఇచ్చాడు. పడమటి వైపుకు వచ్చాక సూయింగ్ గొంతు వినబడటం మానేసింది. గైరోంగ్ తడి చేతులతోనే లేచి వచ్చింది.

ఉడికిన మట్టి. బూడిద రంగు, పసుపు, ఎరుపు కలగలిసి ఉంది. చూడగానే తెలిసిపోతుంది.

తుంగ్‌చింగ్ తడుముకోలేదు. అది తమ దుంపల గొయ్యి అని, అన్నయ్య దాన్ని పూడ్చి దానిమీదే గది కట్టుకున్నాడని, ఊళ్ళో ఎవరినడిగినా చెబుతారని అన్నాడు. వదిన స్వయంగా అందులోకి దిగి దుంపలు తెచ్చేదని కూడా చెప్పాడు. వూ టీచరు తల ఊపింది. ప్రతి పెరట్లోనూ అలాంటివి ఉండేవే. ఇంటివాళ్ళ గొయ్యి అయితే ఆ మాటే రాసుకుని, ఇంకో రెండు చోట్ల వేసి ముగించేద్దామంది. అంతలో ఫోను మోగితే గేటు వైపు వెళ్ళింది.

సూయింగ్ పార ఇంకా లోతుకు వెళ్ళింది. కర్ర చివర ఏదో తగిలిన చప్పుడైంది. పైకి లాగితే మట్టితో పాటు గోరంత బూడిద రంగు పెచ్చు వచ్చింది.

"ఇటుక," అంది సూయింగ్.

"ఉంటుంది. మా గొయ్యికి చుట్టూ ఇటుకల కట్టుబడే," అంది గైరోంగ్.

అనేశాక ఆ మాట తన చెవికే కొత్తగా వినిపించింది.

అక్కడి పసుపు మన్నుకు ఇటుకలతో పని లేదు. నిలువునా కోస్తే గోడలా నిలబడుతుంది. కొండవాలుల్లో దాన్ని తొలిచి తరాలుగా కాపురాలు చేశారు. దుంపల గొయ్యికి ఇటుకలు కట్టినవాళ్ళు ఆ చుట్టుపక్కల ఒక్కరూ లేరు. గైరోంగ్ కోడలిగా వచ్చిన మొదటి చలికాలం, నడుముకు తాడు కట్టి, చేతికి దీపమిచ్చి అందులోకి దింపారు. దీపం వెలుగులో బూడిద రంగు ఇటుకలు వరసలు వరసలుగా, పైకప్పు దగ్గర వంపు తిరిగి కనిపించాయి. దుంపలకే ఇటుకల గది కట్టినవాళ్ళు మనుషులకు ఏం తక్కువ చేస్తారు, కలిగిన ఇంటికే వచ్చాను అనుకుంది. పుట్టింటికి వెళ్ళినప్పుడు ఆ మాట అమ్మకు చెప్పింది. అమ్మ వీధంతా చెప్పుకుంది. ఆ తరువాత ఇన్నేళ్ళు ఊరూరా ఇటుక సమాధులకు పార వేసింది. అయినా దుంపల గొయ్యి దుంపల గొయ్యిగానే ఆమె తలలో ఉండిపోయింది.

సూయింగ్ పెచ్చును బొటనవేలితో తుడిచి, పార గుంటలోనే పెట్టింది. గేటు వైపు ఒకసారి చూసింది.

"నేనేమీ వినలేదు. నువ్వేమైనా అన్నావా?"

గైరోంగ్ వెళ్ళి పొయ్యి మీది వేడినీళ్ళు దించింది. భోజనాల వేళయింది. పులిసిన పెసర గంజితో చేసిన నూడుల్స్ గిన్నెలో పోసుకుని అద్దె గదికి వెళ్ళింది. అత్తగారు దుప్పటి కప్పుకుని మంచం మీద కూర్చుని ఉంది. గిన్నె చేతికిచ్చి, ఆమె రెండు గుక్కలు తాగేదాకా ఆగింది.

"అత్తా, దుంపల గొయ్యి ఎవరు తవ్వారు?"

"తవ్వడమేంటి? దొరికింది."

"దొరికిందంటే?"

"దొరికిందంటే దొరికిందనే. మీ మామగారి నాన్న బావి కోసం తవ్వుతున్నాడంట. పార చేతిలోంచి జారి లోపలికి పోయింది. పారకోసం తొంగి చూస్తే కింద గది." ముసలమ్మ నూడుల్స్ మీద వేసిన ఆవాకు ముక్కలను పక్కకు నెట్టింది. "తవ్వే బాధ తప్పిందని ఇంట్లో అందరూ సంతోషపడ్డారు."

"ఎవరి గదో అనుకోలేదా మరి?"

"ఎందుకనుకోరు? సారా పోశాడు, ధూపం వేశాడు. దుంపలకి కాస్త చోటివ్వండయ్యా అని మొక్కాడు. బయట ఎవరితోనూ అనొద్దన్నాడు. నేను వచ్చేసరికి అది గొయ్యే."

"లోపల ఏమైనా ఉండేవా?"

"ఒక కుండ ఉండేది. దాన్లో ఊరగాయ వేసేవాళ్ళం. పిల్లి పడగొట్టింది."

గైరోంగ్ మంచం చివర కూర్చుండిపోయింది. ఇరవై ఏళ్ళకు పైగా ఆమె పడక ఆ కప్పు మీదే ఉంది.

"ఇన్నేళ్ళలో నాకు ఒక్కసారైనా చెప్పాలి కదత్తా."

"రోజూ చెబుతూనే ఉన్నాం కదే. దొరికింది, దొరికింది అని. నువ్వే అడగలేదు." ముసలమ్మ దగ్గి, ఊపిరి తీసుకుంది. "నేనెప్పుడూ దిగలేదు అందులోకి. భయం. నీకు భయం లేదని నిన్ను దింపాం. ఎలా ఉండేది లోపల?"

గైరోంగ్ ఇటుకల వరసల గురించి, వంపు గురించి చెప్పింది. ముసలమ్మ గిన్నె ఒళ్ళో పెట్టుకుని విన్నది. వూ టీచరుకు చెబుతావా అని మాత్రం అడగలేదు. చెప్పొద్దని కూడా అనలేదు.

బయటికి వచ్చేసరికి తుంగ్‌చింగ్ తలుపు పక్కన ఉన్నాడు. ఎంత విన్నాడో తెలియదు. ముఖంలో ఎప్పుడూ ఉండే నవ్వు లేదు.

"వదినా, నిన్ను అబద్ధం చెప్పమనడం లేదు. అది దుంపల గొయ్యి. అవునా కాదా?"

"అవును."

"మరింకేంటి?"

"అది సగమే, తుంగ్‌చింగ్."

"ఆ సగంతో ఆగు. మిగతా సగానికి అడిగేవాడు లేడు." అతను గొంతు తగ్గించాడు. "ఊళ్ళో అందరి కాళ్ళ కిందా పొడిచావు. సరే, అది నీ పని. ఇప్పుడు ఇంట్లోవాళ్ళ కాళ్ళ కింద కూడానా? లోపల అమ్మ దగ్గుతుంటే వినబడటం లేదా నీకు?"

వినబడుతోంది. ఆమె అక్కడి నుంచి వచ్చేసి తుంగ్‌షున్‌కి ఫోను చేసింది. అతను ద్రాక్షతోటలో ఉన్నాడు. అంతా విన్నాడు. తరువాత, ఇన్నేళ్ళూ దానిమీద తను హాయిగానే నిద్రపోయానని, ఇకముందు నిద్ర పట్టేదీ పట్టనిదీ గైరోంగ్‌కే కాబట్టి ఆమె ఇష్టమని అన్నాడు.

ఆమె నెమ్మదిగా నడుచుకుంటూ పెరటికి వెళ్ళింది. చెప్పకపోతే ఏమవుతుందో ఆమెకు తెలుసు. వారం తిరగకుండా కాంక్రీటు లారీ వస్తుంది. అత్తగారికి వేడి గది వస్తుంది. ఆ ఇటుకల గది మాత్రం కాంక్రీటు కిందికి పోతుంది. అది ఎవరిదో, ఎంత పొడుగుందో, వెనక గోడ ఎక్కడ ముగిసిందో ఇక ఎవరికీ తెలియదు. దుంపల బస్తాలు అడ్డుండి ఆ చలికాలం వెనక గోడ దాకా ఆమె వెళ్ళలేకపోయింది. అందరికీ మంచిది, నిజం చెప్పాలి అనేలాంటి పెద్ద మాటలేవీ ఆమె తలలోకి రాలేదు. ఆ వెనక గోడే కళ్ళముందు ఆడింది. దాని మీద కాంక్రీటు పోయించి, ఆ పైన మంచం వేసుకుని పడుకోవడం తనవల్ల కాదు.

వూ టీచరు సూయింగ్ పార పక్కనే గొంతుకూర్చుని ఉంది. గైరోంగ్ నిలబడే చెప్పింది, గొయ్యి తవ్వింది కాదని, దొరికిందని. ఇటుకల సంగతి, కుండ సంగతి కూడా చెప్పింది. వూ టీచరు పార గుంటలోంచి పెచ్చు తీసి చూపించింది.

"దీన్ని నేనూ చూశాను, గైరోంగక్కా. మధ్యాహ్నం పక్కనే ఇంకొకటి వేద్దామనుకున్నాను." కాస్త ఆగి అంది, "అయినా నువ్వు చెప్పడం వేరు."

సూయింగ్ కర్రకు అంటిన మట్టి గీకుతూ తల ఎత్తలేదు.

జిల్లా నుంచి మనుషులు వచ్చారు, వెళ్ళారు, మళ్ళీ వచ్చారు. చివరికి తేలింది ఇది. పడమటి సగంలో ఏమీ కట్టకూడదు. తూర్పు సగంలో లోతు లేని పునాదితో ఒక్క అంతస్తు కట్టుకోవచ్చు. అంటే తుంగ్‌చింగ్‌కి, తల్లికి సరిపోయే ఇల్లు వస్తుంది. పెద్దకొడుకూ కోడలూ అద్దె గదిలోనే ఉండాలి, మరోచోట స్థలం చూపించేదాకా. ఎప్పుడు చూపిస్తారో ఎవరూ చెప్పలేదు. తుంగ్‌చింగ్ గోడ మీది సుద్ద బొమ్మలో పై అంతస్తు చెరిపేశాడు. వదినతో మాట్లాడటం మానేశాడు. ఎదురుపడితే ఫోను చూసుకునేవాడు. పొద్దున్నే సూపు కొట్టు దగ్గర మాత్రం ఊరివాళ్ళు ఆమెను వదల్లేదు. మీ ఇంటి దుంపలు అంత తియ్యగా ఎందుకుండేవో ఇప్పుడు తెలిసిందని ఒకడు, పుట్టింటికి ఆ ఇటుకల గది మాట మళ్ళీ కబురు చేశావా అని ఇంకొకడు. ఆమె రొట్టె ముక్కలు తుంచి గొడ్డుమాంసం సూపులో వేసుకుంటూ నవ్వింది.

గొయ్యి తెరిచే పనికి వూ టీచరు ఆమెను లోపలి బ్రష్షు పనిలో వేసింది. పురుడు పోసేవాళ్ళలో చేరావు కదే అని సూయింగ్ దెప్పింది. పూడిక మట్టి తీస్తుంటే ముందు తుంగ్‌షున్ పోసిన చెత్త బయటపడింది. పెంకులు, పగిలిన సీసాలు, ఒక రబ్బరు చెప్పు. దాని కింద ఎండి తాడులా మెలికలు తిరిగిన దుంప తీగ. ఆ కింద నేల.

రెండు వేల ఏళ్ళ కిందటి హాన్ రాజుల కాలపు చిన్న సమాధి అంది వూ టీచరు. దుంపలు రాకముందే, ఎన్నో వందల ఏళ్ళ ముందే, ఎవరో వెనక గోడలో కన్నం వేసి ఖాళీ చేసుకుపోయారు. కన్నంలోంచి వానలు తెచ్చిన మెత్తటి బురద పొరలు పొరలుగా పేరుకుని ఉంది. తుంగ్‌షున్ తాతకు మిగిలింది ఒక్క కుండ. అది పిల్లి పాలైంది. అద్దాల పెట్టెలో పెట్టేది ఏదీ లేదు.

గైరోంగ్‌కి మనసు కష్టమేమీ కలగలేదు. పగటి వెలుగులో ఆ గది మొదటిసారి చూస్తోంది. దీపం వెలుగులో అనుకున్నంత పెద్దది కాదు. ఇటుకల మీద వేలితో నొక్కినట్టు సన్నటి గీతల ముగ్గు ఉంది, అది అప్పుడు కనబడలేదు. ఒక వరసలో ఒక్క ఇటుక మాత్రం తిరగబడి ఉంది. కట్టినవాడు తొందరలో పెట్టాడా, కావాలనే పెట్టాడా? వూ టీచరునడిగితే తనకూ తెలియదంది. గైరోంగ్ ఆ ఇటుక ముందు చాలాసేపు కూర్చుంది.

పునాది పోయడం అయిపోయిన రోజుల్లో ఒక ఉదయం గొయ్యి అంచున నీడ పడింది. తలెత్తి చూస్తే తుంగ్‌చింగ్. చేతులు వెనక్కి కట్టుకుని, లోపలికి కాకుండా పక్క గోడ వైపు చూస్తున్నాడు.

"అమ్మ కనుక్కు రమ్మంది. లోపల ఎలా ఉందోనని."

"దిగి చూసి నువ్వే చెప్పు."

అతను వూ టీచరు వైపు చూశాడు. ఆమె హెల్మెట్ ఒకటి అందించి, గోడలకు ఆనుకోవద్దంది. తుంగ్‌చింగ్ సిగరెట్టు పెట్టె తీసి గట్టు మీద పెట్టి, నిచ్చెన దిగాడు. కింద వంగి నిలబడ్డాడు.  పొడుగు ఎంతో పాదాలతో కొలవబోయి, బురద పొరలు కనబడగానే ఆగిపోయాడు.

"నా వంటగది కన్నా పెద్దదే," అన్నాడు. ఆ మాటలో కోపం ఉందో లేదో గైరోంగ్‌కి తెలియలేదు.

తరువాత అతని చూపు పైకి వెళ్ళింది, ఇటుకలు రెండు వైపుల నుంచీ వంగి కలిసే చోటికి. ఇనుము అతికించే పని చేసే మనిషి. మెడ వెనక్కి వాల్చి, ఒక్కో వరసనూ కళ్ళతో పట్టుకుంటూ వెళ్ళాడు.

"సిమెంటు లేదు కదా వదినా దీన్లో?"

"లేదు."

"మరి పడిపోకుండా ఎలా నిలబడింది?"

"అదే నేనూ చూస్తున్నా. ఇటురా, ఈ ఇటుక చూడు, ఇది చివర సన్నగా ఉంది."

అతను దగ్గరికి వచ్చి గొంతుకూర్చున్నాడు. ఆమె టార్చి పట్టుకుంది. పైనుంచి సూయింగ్ వేడినీళ్ళకు పిలిచింది. కాసేపాగి మళ్ళీ పిలిచింది. ఇద్దరిలో ఎవరూ పలకలేదు.